నూటికి నూరు

లోలాక్షీ,
మార్కెటింగు తీసుకోనా దండాసన్నయ్యా అని
పర్లాకిమిడి బస్టాండులో అడిగావు.
నీ వెనకాలే కాలేజీ ఫ్లెక్సీ, అందులో నేను.
టై నాది కాదు,
ప్రిన్సిపాల్ గారి తోడల్లుడిది.
దండాసి అంటే బ్రాండుకి నప్పదని
పేరు ‘దేవ్’ అని వేశారు.
కింద ఎర్రక్షరాలు,
ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి:
నూటికి నూరు మందికీ ఉద్యోగాలు.

నేను నోరు తెరిచేలోగా నీ బస్సు కదిలిపోయింది.
ఇప్పుడు చెప్తాను.
సెరంగో ఘాటు మీద బండి పంక్చరైంది,
చాన్నాళ్లకి తీరిక దొరికింది.

మా బ్యాచి పదకొండు మందిమి.
ఒకడు బరంపురంలో బ్యాంకులో,
లోపల కాదు, గుమ్మం బయట
గొడుగు కింద కార్డులు అమ్ముతాడు.
కామాక్షి పాతపట్నంలో వాళ్ల నాన్న కొట్టుకి
కాటా మార్చింది, బోర్డు మార్చింది,
అరువు పుస్తకం దగ్గర ఓడిపోయింది.
సుదర్శన్ బెహరా భువనేశ్వర్లో పెద్ద మేనేజరు.
కారుంది, నిద్ర లేదంటాడు,
ఆ నిద్ర లేకపోవడాన్ని కూడా
కొంచెం గర్వంగానే చెప్తాడు.
తక్కినవాళ్ల నంబర్లు మారిపోయాయి.

నేను షాంపూలు, బిస్కెట్లు, మొహానికి క్రీములు.
నలభై మూడు కొట్లు, నెలకి పద్నాలుగు వేలు.
పెట్రోలు వేరే అన్నారు,
ఆ వేరే ఎటు పోయిందో ఇంకా రాలేదు.
ఏరు దాటితే ఒక భాష,
కొండెక్కితే ఒక భాష,
ఫోనులో మేనేజరుది మరో భాష.
టార్గెట్టుని మాత్రం
అందరూ టార్గెట్టే అంటారు.

వస్తువు, ధర, చోటు, ప్రచారం
అని పదహారు మార్కులకి రాసినవాణ్ణి.
కొనేవాళ్ల అభ్యంతరాలు ఏడు రకాలని
ట్రైనింగులో బట్టీ పట్టినవాణ్ణి.
కొండ మీద సొంబారి రైతా
తన కొట్టు గడపలో చోళ్లు చెరుగుతూ
క్రీము ప్యాకెట్టు తిప్పి చూసి అడిగింది:
“ఇది రాస్తే తెల్లగవుతారంట కదా,
మరి నువ్వు రాసుకోనేదేటి?”

ఆ ఏడింటిలో ఇది లేదు.
నవ్వాను. ఆమె నవ్వలేదు.
పిల్లలు అడుగుతున్నారని ఆరు ప్యాకెట్లు తీసుకుని
కొంగు ముడి విప్పి చిల్లర లెక్కపెట్టింది.
ఆ ఆరూ టార్గెట్టులో కలిశాయి.
ఆ రాత్రి అన్నంలో కూడా కలిశాయి.

అలాగని చదువు దండగ అననులే.
కాలేజీకి ముందు నేను
కండక్టర్ని చిల్లర అడగలేనివాణ్ణి.
ఇవాళ తెరవని తలుపు ముందు
ఎంతసేపు నిలబడాలో తెలుసు,
ఎప్పుడు వెనక్కి తిరగాలో తెలుసు.
ఏ పేపర్లో నేర్పారో గుర్తులేదు,
అసలు నేర్పారో లేదో.

మంచి ఉద్యోగమేనా అని కదా నువ్వడిగింది.
అమ్మడం నేర్పుతామన్నవాళ్లు
ముందు నన్ను అమ్మారు, నీకు.
నీ ఫీజులో నాకు కమీషను లేదు కాబట్టి
చేరమనను, వద్దనీ అనను.
గురువారం సంతకి రా,
ఒక్క రోజు నా బండి వెనకాల కూర్చో.
నీళ్ల సీసా తెచ్చుకో.

ఇంకొకటి చెప్పాలి.
మొన్న కాశీనగర్ అవతల అకాలపు వాన.
ఎవరిదో పంచలో దూరాను.
కళ్లంలో చింతపండు పోగు,
దాని మీద కిందటేటి ఫ్లెక్సీ,
తలకిందులుగా నేను.
కుడి కంట్లో చిల్లికి
సైకిలు ట్యూబు ముక్క అతికించారు.
వంశధార మీంచి గాలి కొట్టినప్పుడల్లా
నవ్వు ఉబ్బుతోంది, అణుగుతోంది.
పక్కనే చుట్ట కాలుస్తున్న ముసలాయన
నా వైపు చూశాడు, దాని వైపు చూశాడు,
పోల్చుకోలేదు.
“మంచి సరుకు బావూ,
మూడు వానలకి ఓర్సుకుంది.”
ఎంతకి కొన్నావు తాతా?
“కొన్నేదు. గాలికి పడిపోతే ఏరుకొచ్చినాను.”

వాన వెలిశాక
అంచు పైకెత్తి, నా గడ్డం కింద నుంచి
మోచేతి దాకా చెయ్యి పెట్టి చూశాను.
పొడిగా ఉంది.
నూటికి నూరు.